పంపిన నమూనా ఇక్కత్, వచ్చిన సరుకు అచ్చు గుడ్డ: కర్టెన్లు, సోఫా కవర్లు కొనేవారికి హెచ్చరిక

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట వైపు కొత్త ఇంటికి కర్టెన్లు, సోఫా కవర్లు, దివాన్ దుప్పట్లు కొనాలనుకునేవారు దయచేసి ఇది చదవండి. ఫోన్లలో ఒక ప్రకటన జోరుగా తిరుగుతోంది. పోచంపల్లి చేనేత ఇక్కత్ అట, అన్నీ సహజ రంగులట. సోఫా కవర్లు రెండు వైపులా తిప్పి వేసుకోవచ్చట, ఇల్లు మారితే కర్టెన్ల పొడవు పెంచుకోవచ్చట. 18,600 రూపాయలు పెట్టి తెప్పించుకున్న మా సరుకులో ఈ మాటలు ఏవీ నిలబడలేదు.

మోసమంతా నమూనాలో ఉంది. అడగగానే జానెడు ముక్క పంపారు. అది నిఖార్సయిన ఇక్కత్. మా అత్తగారి పుట్టిల్లు ఇక్కత్ నేతకు పేరున్న పుట్టపాక. ఆవిడ ముక్కను వెలుతురులో తిప్పి తిప్పి చూసి మంచి నేత అన్నారు. తర్వాత పెట్టెలో వచ్చింది వేరే గుడ్డ. డిజైను అదే, రంగులు అవే, కానీ వెనక్కి తిప్పితే వెలవెలబోతోంది.

ఇక్కత్‌లో రంగు పడేది నేతకు ముందే. నూలు పోగులను కట్టలుగా చేసి, డిజైను ప్రకారం రబ్బరు పట్టీలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఆ కట్లు విప్పి, మరో చోట కట్టి, ఇంకో రంగు ఎక్కిస్తారు. ఆ పోగులు మగ్గం మీదికి వెళ్లాకే పువ్వు తేలుతుంది. పోగు చుట్టూ రంగు ఉంటుంది కాబట్టి ఆ బట్టకు ముందూ వెనకా తేడా ఉండదు. తిప్పి వేసుకునే కవరుకు ఇంతకన్నా తగిన గుడ్డ నాకు తెలియదు. ఒక వైపు మరక పడినా, ఎండకు వెలిసినా తిప్పేసుకుని ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. పర్యావరణానికి మేలు అని చెప్పుకునే హక్కు అలాంటి బట్టకే ఉంది.

ఇక్కత్‌లో లాగా పువ్వు అంచులు మసకగా ఉన్నంత మాత్రాన నమ్మకండి, ఆ మసకను కూడా అచ్చు వేస్తున్నారు. కుట్టు లోపలి మడత నుంచి ఒక పోగు లాగండి. అచ్చు గుడ్డ పోగు మీద పొడవునా తెల్ల చుక్కలు ఉంటాయి, ఎందుకంటే అడ్డు పోగు కప్పిన చోటికి రంగు దిగదు. మేం లాగిన పోగు అలాగే ఉంది. దాన్నే పటకారుతో పట్టుకుని కాల్చాం. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగలాలి. ఇది కరిగి గట్టి నల్ల పూస కట్టింది. అంటే పాలిస్టరు కలిసింది. మే నెలలో మన ఎండలకు దాని మీద కూర్చోవడం కష్టం.

పొడవు పెంచుకోవచ్చన్న కర్టెన్లకు కింద మడత వేలెడు వెడల్పు కూడా లేదు. లోపల కనీసం జానెడు గుడ్డ మడిచి కుడితేనే రేపు విప్పి పెంచుకోగలం. సోఫా కవర్లకు జిప్పు లేదు, ఉతకాలంటే కుట్లు విప్పాల్సిందే. మరొక సంగతి, నూలు బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. కుట్టే ముందు నానబెట్టి ఆరబెట్టారా అని తప్పక అడగండి.

రంగుల విషయంలో మాత్రం తొందరపడి ఎవరినీ తప్పుపట్టకండి. తడి రుమాలుతో రుద్దితే నిజమైన నీలిమందు రంగు కూడా కొంత అంటుతుంది. రసాయన రంగులు వేసినంత మాత్రాన చేనేత చేనేత కాకుండా పోదు. మన నేత కార్మికుల్లో చాలామంది వాటినే వాడతారు, అడిగితే దాచరు. సహజ రంగులని చెప్పేవారిని మాత్రం ఏ రంగుకు ఏం వాడారో అడగండి. మంజిష్ఠ, కరక్కాయ, దానిమ్మ తొక్క అని నిజంగా వాడినవారు వెంటనే చెబుతారు. మాకు అమ్మినవారు "అన్నీ సహజమే" అన్న మాట దాటి ముందుకు రాలేదు.

ఈ కవర్లు చూసి పక్కింటివారు "పోచంపల్లి అంటే ఇంతేనా?" అన్నప్పుడు డబ్బు పోయినదానికన్నా ఎక్కువ బాధ కలిగింది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ ప్రాంతపు నేతకే ఆ పేరు చెల్లుతుంది. ఆ పేరుతో అచ్చు గుడ్డ అమ్మడం చట్టరీత్యా నేరం.

వాపసు అడిగితే, కొలత ప్రకారం కుట్టినవి తిరిగి తీసుకోం అంటున్నారు. చెప్పిన గుడ్డ ఒకటి, పంపింది మరొకటి అయినప్పుడు ఆ సాకు ఒప్పుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మినవారు తమకు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు. మీకూ ఇలాంటి పెట్టె వచ్చి ఉంటే నమూనా ముక్కను పారేయకండి, ప్రకటన ఫొటోలు, డబ్బు చెల్లించిన రసీదు దాచుకోండి, ఫిర్యాదు తేలేవరకు కవర్లు ఉతకకండి.