కెనాన్ ఆర్6 మార్క్ 2, ఫుజీఫిల్మ్ ఎక్స్-టీ5: చాలాకాలం వాడిన తర్వాత

కొత్తగా మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేని, లెన్స్ మార్చుకోగల కెమెరా) కొనబోయే మిత్రులు ఈ రెండు బాడీలను (లెన్స్ తగిలించని కెమెరాలను) పోల్చి చెప్పమని తరచుగా అడుగుతుంటారు. కెనాన్ ఈఓఎస్ ఆర్6 మార్క్ 2ను, ఫుజీఫిల్మ్ ఎక్స్-టీ5ను ఆయా సంస్థలు 2022 నవంబరులోనే ప్రకటించాయి. వెలుగును ఫొటోగా మార్చే సెన్సర్ మొదటిదానిలో 24.2 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 మి.మీ. ఫిల్మ్ అంత పెద్దది), రెండోదానిలో 40.2 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ (అంతకంటే చిన్నది). హైదరాబాదులో పెళ్లిళ్లు, శుభకార్యాలు తీయడం నా వృత్తి. ఆ పనికి కెనాన్‌నూ, పని లేని రోజుల్లో బజార్లు తిరుగుతూ తీసుకునే ఫొటోలకు ఫుజీనీ చాలాకాలంగా వాడుతున్నాను. మండపంలో రెండో బాడీగా ఫుజీని మెడలో వేసుకున్న సందర్భాలూ, ఊరికి వెళ్తూ కెనాన్ ఒక్కటే వెంట తీసుకెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. ఒకటి వృత్తికి, ఇంకొకటి సరదాకు అని గీత గీసి చెప్పడం తేలికే గానీ కొనేవారికి దానివల్ల పెద్ద ప్రయోజనం లేదు. ఏ చోట ఏది నిలబడుతుందో, ఎందుకు నిలబడుతుందో తెలిస్తే ఎవరి అవసరానికి తగినది వారే ఎంచుకోగలరు.

ముందుగా వేగం సంగతి. కెనాన్ మెకానికల్ షట్టర్‌తో (సెన్సర్ ముందు కదిలే తెరతో) సెకనుకు 12 ఫ్రేములు, అంటే ఫొటోలు, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో (తెర లేకుండా సెన్సర్‌నే వరుసల వారీగా చదివే పద్ధతితో) 40 ఫ్రేములు తీస్తుంది. ఫుజీ మెకానికల్ షట్టర్‌తో 15, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో పూర్తి ఫ్రేములో 13, అంచులు 1.29 రెట్ల మేర కత్తిరించుకోవడానికి ఒప్పుకుంటే 20 తీస్తుంది. కాగితం మీద చూస్తే కెనాన్‌కు తిరుగులేదు. అయితే మన కల్యాణ మండపాల్లో ఆ 40 ఫ్రేములను వాడుకునే వీలు చాలా తక్కువ. కెమెరా పెట్టె మీద ముద్రించని ఒక సంఖ్య అందుకు కారణం. సెన్సర్ పై వరుస నుంచి కింది వరుస దాకా చదవడానికి కెమెరాకు పట్టే సమయమే ఆ సంఖ్య.

ఆర్6 మార్క్ 2లో ఎలక్ట్రానిక్ షట్టర్ వాడినప్పుడు ఈ సమయం సుమారు 15 మిల్లీసెకన్లు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు ట్యూబులైట్లు, చవక రకం ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు, అంటే ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి మసకబారి మళ్లీ వెలుగుతాయి. అది కంటికి ఆనదు. సెన్సర్‌ను పైనుంచి కిందికి చదివేలోపు దీపం ఒకటిన్నర సార్లు ఎక్కి దిగుతుంది కనుక ఫొటోకు అడ్డంగా వెలుగు చారలు, చీకటి చారలు పడతాయి. పెళ్లికూతురి బుగ్గ మీద అటువంటి చార పడితే దాన్ని కంప్యూటర్‌లో సరిదిద్దడం మామూలు పని కాదు. అదే మెకానికల్ షట్టర్ తెర అయితే నాలుగైదు మిల్లీసెకన్లలో సెన్సర్‌ను దాటిపోతుంది. ఆ వ్యవధిలో దీపం సగం వంతు కూడా ఎక్కి దిగలేదు కాబట్టి చారలు బాగా పలచబడతాయి. దీనికి తోడు యాంటీ ఫ్లికర్ సెట్టింగ్ పెట్టుకుంటే దీపం పూర్తిగా వెలిగే క్షణం చూసి కెమెరాయే షట్టర్ వదులుతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ తప్పనిసరి అయినప్పుడు సెకనులో 100వ వంతు గానీ 50వ వంతు గానీ పెట్టుకుంటే చారలు పోతాయి, ఎందుకంటే ప్రతి వరుసకూ దీపం పూర్తి ఆవృత్తి వెలుగు అందుతుంది. కానీ అంత నెమ్మది వేగంలో తలంబ్రాలు పోసే చేతులు అలుక్కుపోతాయి. వేదిక వెనక నిలిపే ఎల్‌ఈడీ గోడల మిణుకు ఇంతకంటే ఎన్నో రెట్లు వేగం. దానికి తగ్గట్టు షట్టర్ వేగాన్ని దశాంశాల్లో సవరించుకునే సౌకర్యం రెండు బాడీల్లోనూ ఉంది.

ఫుజీ సెన్సర్‌లో వరుసలు ఎక్కువ, చదివే తీరు కూడా నిదానం. అందువల్ల దాని ఎలక్ట్రానిక్ షట్టర్‌ను కదిలే వస్తువు దేనికీ వాడను. గట్టిమేళం వేళ డోలు మీద పడే కర్ర అందులో విల్లులా వంగి కనిపిస్తుంది. కెనాన్‌లోనూ ఆ వంపు ఉంటుంది గానీ చూసేవారికి వెంటనే తట్టనంత తక్కువ. ఈ ఇబ్బంది పూర్తిగా తీరాలంటే సెన్సర్ నిర్మాణమే మారాలి. నికాన్ 2024లో తెచ్చిన జెడ్6 3లో త్వరగా చదవడానికి పాక్షికంగా పొరలు పేర్చిన సెన్సర్ పెట్టింది. సోనీ ఏ9 3లోని గ్లోబల్ షట్టర్ అన్ని వరుసలనూ ఒకేసారి చదువుతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ మీదే జీవనం సాగించాలనుకునేవారు చూడవలసినవి ఆ తరగతి బాడీలు.

నా దృష్టిలో వేగానికి అసలు కొలమానం ఫోకస్. జీలకర్ర బెల్లం వేళ వధూవరుల మధ్య తెరసెల్ల పట్టుకుంటారు. పెళ్లికొడుకు భుజం మీదుగా లెన్స్ పెట్టి నిలబడితే అప్పటిదాకా కెమెరాకు కనిపించేది బట్ట ఒక్కటే, కాబట్టి దాని అంచునే పట్టుకుని ఉంటుంది. తెర దిగగానే వంచిన తల, నుదుట మెరిసే బాసికం, పూలజడ, వాలిన రెప్పలు అన్నీ ఒక్కసారిగా ఎదురవుతాయి. పక్కనే పురోహితుడి ముఖం కూడా ఫ్రేములోకి వస్తుంది. కెనాన్ అటువంటి చోట ఒకటి రెండు ఫ్రేముల్లో వధువు కంటిని పట్టుకుంటుంది. కళ్లు పూర్తిగా దించుకుని ఉన్నా రెప్ప మీద నిలుస్తుంది. మధ్యలో ఎవరి చెయ్యి అడ్డొచ్చినా ఆ చేతి మీదకు దూకదు. ఫుజీ కూడా ముఖాన్ని గుర్తిస్తుంది. గుర్తించినదాన్ని వదలకుండా వెంటాడటంలో మాత్రం కెనాన్ అంత గట్టిది కాదు. అందుకే దానితో మండపంలో తీసేటప్పుడు చిన్న ఫోకస్ జోన్ ఎంచుకుని, వెనక ఉన్న జాయ్‌స్టిక్‌తో నేనే ముఖం మీదకు జరుపుకుంటాను. స్టిల్‌గా నిలబడి తీసే ఫొటోల్లో ఈ తేడా ఏమీ తెలియదు.

షట్టర్ నొక్కకముందే ఫ్రేములను దాచిపెట్టే ప్రీ-షూటింగ్ రెండింటిలోనూ ఉంది. కెనాన్‌లో రా బర్స్ట్ మోడ్ (సెన్సర్ సమాచారాన్ని జేపెగ్‌గా మార్చకుండా దాచే రా ఫైళ్లను వరసగా తీసే పద్ధతి) పెడితే సెకనుకు 30 ఫ్రేముల చొప్పున, బటన్ పూర్తిగా నొక్కడానికి అర సెకను ముందు నుంచి ఉన్న దృశ్యం దక్కుతుంది. మంగళస్నానాలు పెరట్లోనో డాబా మీదనో పగటి వెలుగులో జరిగితే దీనికి మించిన సాధనం లేదు. బిందె ఒంచగానే నీళ్లు పలచటి పొరలా తల మీద విచ్చుకునే ఫ్రేము, చేతి వేగం మీద ఆధారపడి దొరికేది కాదు. చిక్కల్లా ఆ ఫ్రేములన్నీ ఒకే ఫైలుగా నిక్షిప్తమవడం. కావలసినవాటిని కెమెరాలోనో కెనాన్ సాఫ్ట్‌వేర్‌లోనో విడదీసుకోవాలి. పైగా ఇది ఎలక్ట్రానిక్ షట్టరే కాబట్టి దీపాల వెలుగులో మళ్లీ చారల బెడద వస్తుంది. మామూలు బర్స్ట్‌లో 40 ఫ్రేముల వేగంతో రా ఫైళ్లు తీస్తే రెండు సెకన్లలోపే బఫర్ (కార్డుకు చేరేముందు ఫొటోలు ఆగే తాత్కాలిక మెమరీ) నిండిపోతుందని కూడా గుర్తుంచుకోవాలి. సైజు తగ్గించిన సీ-రా ఎంచుకుంటే ఇంకొంత ఊపిరి తీసుకోవచ్చు.

ఇక చేతిలో పట్టుకునే తీరు. బ్యాటరీ, కార్డుతో కలిపి కెనాన్ బరువు 670 గ్రాములు, ఫుజీది 557 గ్రాములు. తేడా పెద్దగా అనిపించదు. లెన్స్ తగిలించాకే అసలు బరువు తెలుస్తుంది. కెనాన్‌కు ఆర్‌ఎఫ్ 24-105 ఎఫ్ 4 ఎల్ తగిలిస్తే మొత్తం 1,370 గ్రాములు అవుతుంది. ఫుజీకి ఎక్స్‌ఎఫ్ 18-55 తగిలిస్తే 867 గ్రాములు. అర కిలో తేడా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా భుజానికి తెలుస్తూనే ఉంటుంది. అయినా తేలికైన బాడీ ఎప్పుడూ తక్కువ శ్రమ పెడుతుందని నేను అనను. కెనాన్ గ్రిప్ లోతుగా ఉండి చిటికెనవేలితో సహా మూడు వేళ్లూ దాని చుట్టూ ఇముడుతాయి. ఫుజీ గ్రిప్ పలచన. కిలోకు చేరువైన ఎక్స్‌ఎఫ్ 50-140 లాంటి లెన్స్ దానికి తగిలిస్తే బరువంతా మణికట్టు మీద పడుతుంది. కెనాన్‌కు నిలువు బ్యాటరీ గ్రిప్ దొరుకుతుంది. ఎక్స్-టీ5లో ఫుజీ ఆ ఏర్పాటునే తీసేసింది. గంటల తరబడి నిలువు ఫొటోలు తీసేవారికి ఇది చిన్న విషయం కాదు.

కెనాన్‌లో మూడు డయళ్లు, సీ1, సీ2, సీ3 అనే మూడు సొంత మోడ్‌లు ఉన్నాయి. సీ1లో మండపానికి తగినట్టు మెకానికల్ షట్టర్, యాంటీ ఫ్లికర్. సీ2లో ఆరుబయటికి ఎలక్ట్రానిక్ షట్టర్. సీ3లో గ్రూపు ఫొటోలకు ఫ్లాష్‌తో కూడిన మాన్యువల్ సెట్టింగులు పెట్టుకున్నాను. ఊరేగింపు వీధిలోంచి హాలులోకి రాగానే ఒక్క డయల్ తిప్పితే సరిపోతుంది, మెనూలోకి వెళ్లే పని లేదు. పవర్ మీట కుడి బొటనవేలికి అందే చోట ఉంది కాబట్టి ఒంటి చేత్తోనే ఆన్ చేయవచ్చు. పాత ఆర్6లో ఎడమవైపు అది ఉండే చోట ఇప్పుడు ఫొటో, వీడియో మార్చే మీట ఉంది. ఆ బాడీ నుంచి వచ్చినవారికి అలవాటు పడటానికి కొంత కాలం పడుతుంది.

ఫుజీ పద్ధతి వేరు. ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి), షట్టర్ వేగం, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచడం, తగ్గించడం) మూడింటికీ అంకెలు చెక్కిన డయళ్లు పైనే ఉంటాయి. లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలో నిర్ణయించే ఎఫ్ స్టాప్ రింగు చాలా లెన్సుల మీదే ఉంటుంది. కెమెరా ఆన్ చేయకుండానే దాని స్థితి అంతా కనిపిస్తుంది. తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో నాకు దీని విలువ బాగా తెలిసింది. షట్టర్ 250 మీద, లెన్స్ 5.6 మీద, ఐఎస్ఓ ఆటోలో ఉంచి జనం మధ్యలోకి నడిస్తే ఇంక సెట్టింగుల జోలికి పోనక్కరలేదు. దీని స్క్రీను లెన్స్ వెనకాలే పైకి వంగుతుంది. కెమెరాను నిలువుగా పట్టినా మరో దిశలో వంగుతుంది. నడుము దగ్గర పట్టుకుని కిందికి చూస్తూ తీస్తే, బంతిపూల రాశి ముందు కూర్చుని మూరలు కొలుస్తున్న మనిషి తన పనిలోనే ఉంటాడు. కంటికి ఆనించి తీస్తే వెంటనే తలెత్తి చూస్తాడు. కెనాన్ స్క్రీను పక్కకు తెరుచుకుంటుంది కాబట్టి ఆ ఎత్తులో చూపు ఒక చోట, లెన్స్ ఇంకొక చోట అవుతాయి.

రంగుల విషయంలో ఫుజీలోని ఫిల్మ్ సిమ్యులేషన్లు (పాత ఫిల్మ్ రీళ్ల రంగులను అనుకరించే సెట్టింగులు) నాకు ఎంతో సమయం మిగిల్చాయి. వెల్వియాలో బంతిపూల నారింజ రంగు ముద్దగా మారి రేకులు విడిగా కనిపించవు. అవే పూలు ఆస్టియాలో, క్లాసిక్ క్రోమ్‌లో రేకు రేకుగా నిలుస్తాయి. పని లేని రోజు కంప్యూటర్ ముందు కూర్చోవడం నాకు ఇష్టం ఉండదు. కెమెరాలోంచి వచ్చిన జేపెగ్‌ను అలాగే ఇంట్లోవారికి పంపగలగడం ఈ బాడీని నేను ఉంచుకోవడానికి ఉన్న పెద్ద కారణం.

40 మెగాపిక్సెళ్లు పెళ్లి ఆల్బమ్‌కు అవసరమా అని చాలామంది అడుగుతారు. తెరిస్తే 12×36 అంగుళాలుండే కరిజ్మా పెళ్లి ఆల్బమ్‌లో ఒక వైపు పేజీ 12×18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున దానికి కావలసింది 5400×3600 పిక్సెళ్లు; కెనాన్ ఇచ్చేది 6000×4000. అంటే ఒక ఫొటోతో పేజీ అంతా నింపినా సరిపోతుంది. ఫుజీలోని అదనపు పిక్సెళ్లు ఉపయోగపడేది దూరం నుంచి తీసినదాన్ని బాగా కత్తిరించుకోవలసి వచ్చినప్పుడే. దానికి బదులుగా ఫైళ్లు బరువెక్కి, ఎంపిక చేసుకునే పని నెమ్మదిస్తుంది. మసక వెలుగులో మాత్రం విస్తీర్ణంలో రెండు రెట్లకు పైగా పెద్దదైన కెనాన్ సెన్సర్‌దే పైచేయి. ఐఎస్ఓ 6400 వద్ద పట్టుచీర నేత కెనాన్‌లో ఇంకా చెక్కుచెదరదు. ఫుజీలో నాయిస్ (ఫొటో మీద పడే సన్నటి చుక్కలు) తగ్గించే సాఫ్ట్‌వేర్ సాయం తీసుకోవలసి వస్తుంది.

బ్యాటరీ గురించి క్లుప్తంగా: రెండూ టైప్-సీతో ఛార్జ్ అవుతాయి, రెండింటికీ అదనపు బ్యాటరీలు కావాలి. వీడియో నా పని కాదు కనుక దాని జోలికి పోవడం లేదు. వాన, దుమ్ము తట్టుకునే కట్టుదిట్టాలు రెండు బాడీలకూ ఉన్నాయి, కానీ ఫుజీ 18-55కు ఆ రక్షణ లేదు. 2024లో వచ్చిన 16-50కు ఉంది. మా బృందంలో రెండో ఫొటోగ్రాఫర్ వాడే సోనీ ఏ7 4ను కూడా అప్పుడప్పుడు పట్టుకున్నాను. 33 మెగాపిక్సెళ్లు ఆల్బమ్‌కు, కత్తిరింపుకు చక్కగా సరిపోతాయి. ఫోకస్ పట్టు కెనాన్‌కు ఏమాత్రం తీసిపోదు. అయితే సెకనుకు 10 ఫ్రేముల వేగం నాణ్యత కొంత వదులుకునే కంప్రెస్డ్ రాలోనే వస్తుంది.

చివరగా లెన్సులు. ఫుజీకి సిగ్మా 18-50, టామ్రాన్ 17-70 వంటి, ఎక్కువ వెలుగు రానిచ్చే ఎఫ్ 2.8 లెన్సులు దొరుకుతాయి కాబట్టి తక్కువ ఖర్చుతో సామగ్రి సమకూర్చుకోవచ్చు. కెనాన్ ఆర్‌ఎఫ్ మౌంట్‌కు (లెన్స్ బిగించే అమరికకు) సిగ్మా, టామ్రాన్ 2024లో తెచ్చిన ఆటోఫోకస్ లెన్సులు ఏపీఎస్-సీ బాడీల కోసం చేసినవి. ఆర్6 మార్క్ 2కు తగిలిస్తే ఫ్రేము కత్తిరించుకుపోయి సుమారు 9 మెగాపిక్సెళ్లే మిగులుతాయి. అయితే మన స్టూడియోల్లో చాలావాటిలో పాత డీఎస్ఎల్ఆర్ రోజుల ఈఎఫ్ లెన్సులు ఇంకా మంచి స్థితిలో ఉన్నాయి. నా దగ్గరున్న ఈఎఫ్ 70-200 ఎఫ్ 2.8ను అడాప్టర్ మీద ఈ బాడీకి తగిలిస్తే కంటి ఫోకస్ పాత బాడీ మీద కంటే నమ్మకంగా పనిచేస్తోంది. గరిష్ఠ బర్స్ట్ వేగం కొన్ని పాత లెన్సులతో తగ్గుతుంది గానీ, మెకానికల్ షట్టర్‌తో మండపంలో పని చేసేవారికి దానివల్ల లోటు రాదు. అటువంటి లెన్సులు ఉన్నవారు ముందు బాడీ, అడాప్టర్ కొనుక్కుని, ఆర్‌ఎఫ్ 28-70 ఎఫ్ 2.8 వంటివి సీజన్ డబ్బులు చేతికొచ్చాక ఒక్కొక్కటిగా తీసుకోవచ్చు.