చెవితో చదివిన సర్కారీ సైటు: ఆరేళ్ల వాడకం

నాకు చూపు లేదు. కంప్యూటర్ మీద పనంతా ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తోనే, అంటే తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో. ఒక ప్రభుత్వ శాఖ సైటును ఆరేళ్లుగా నెలకు నాలుగైదుసార్లు వాడుతున్నాను. దరఖాస్తులు, ధ్రువపత్రాలు, ఏటా ఒకసారి రెన్యువల్. శాఖ పేరు చెప్పను. మూడేళ్ల కిందట ‘దివ్యాంగులకు అనుకూలంగా మార్చాం’ అంటూ కొత్త సైటు తెచ్చారు. మారిందా అంటే, మారింది. కాకపోతే వాళ్లు గొప్పగా చెప్పుకున్నది ఒకటి, నాకు పనికొచ్చింది ఇంకొకటి.

పాత సైటులో దరఖాస్తు తెరిచి, తర్వాతి గడికి తీసుకెళ్లే ట్యాబ్ కీ నొక్కితే ‘ఎడిట్, ఖాళీ’ అనేది. అంటే ఏదో రాయాల్సిన గడి, ఖాళీగా ఉంది. మళ్లీ నొక్కితే మళ్లీ ‘ఎడిట్, ఖాళీ’. అలా పద్నాలుగు గడులు. గడి పక్కనే దాని పేరు కంటికి కనిపిస్తుందట. కోడ్‌లో మాత్రం ఆ పేరుకూ గడికీ ముడి వేయలేదు. లెక్కపెట్టుకుంటూ నింపేవాణ్ణి. ఓసారి లెక్క తప్పి ఇంటిపేరు ఉండాల్సిన చోట ఫోన్ నంబరు కొట్టాను. ‘ఎరుపు రంగులో ఉన్న గడులు సరిచూసుకోండి’ అని వచ్చింది. నాకు ఎరుపెక్కడిది? చివరికి మా మేనల్లుడికి పాస్‌వర్డ్ చెప్పి నింపించుకునేవాణ్ణి. వాడు మంచివాడే. అయినా నా ఆదాయమెంతో, నా జబ్బులేమిటో వాడికి తెలియాల్సిన పనేముంది?

కొత్త ఫారంలో మొదటిసారి ‘ఇంటిపేరు, ఎడిట్, తప్పనిసరి’ అని వినబడ్డప్పుడు నమ్మలేక వెనక్కి వెళ్లి మళ్లీ విన్నాను. తప్పులుంటే ఇప్పుడు ‘రెండు తప్పులున్నాయి’ అంటూ పైన ఒక జాబితా వస్తుంది, స్క్రీన్ రీడర్ నేరుగా అక్కడికే వెళ్తుంది. ఎంటర్ కొడితే తప్పున్న గడిలో దించుతుంది. హెచ్ కీ నొక్కుతూ ఒక హెడ్డింగ్ నుంచి ఇంకో హెడ్డింగ్‌కు దూకొచ్చు. ఆ ఏడాది రెన్యువల్ పక్కన ఎవరూ లేకుండా చేసుకున్నాను.

ఇక వాళ్ల గొప్ప. పేజీ నెత్తిన ఒక పట్టీ: అక్షరాలు పెంచు, తగ్గించు, రంగులు మార్చు. నా మటుకు అది ప్రతి పేజీలో దాటాల్సిన ఐదు అదనపు ట్యాబ్‌లు. ‘ప్రధాన విషయానికి వెళ్లు’ అనే లింకు ఆ పట్టీకి ముందు పెట్టమని అడిగితే, పెట్టడానికి ఏడాది పట్టింది. చూపు మందగించిన స్నేహితుడు ఒకాయన ఉన్నారు, ఆయనా దాన్ని ముట్టుకోరు. బ్రౌజర్‌లోనే నాలుగు వందల శాతానికి పెంచుకుంటారు. అంత పెంచినా పేజీ చెదరకపోవడమే ఆయనకు నచ్చింది. గడుల్లోని లేత బూడిదరంగు సూచనల మీద మాత్రం ఆయన కోపం చల్లారలేదు. వెబ్‌సైట్లు దివ్యాంగులకూ అందేలా ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ వెలుగులో కనీసం 4.5:1 తేడా ఉండాలని 2008 నుంచీ ఉంది మరి.

తెలుగు పేజీలది వేరే కథ. మొదట్లో ఒక ప్రకటన తెరిస్తే నాకు వినబడినవి అంకెలే: ‘ఫిఫ్టీన్’, ‘టూ’, ‘థర్టీ’. మధ్యలో ఏమీ లేదు. పేజీ భాష ఇంగ్లీషని కోడ్‌లో రాసుండటంతో స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతు ఎత్తుకుని, తెలుగు అక్షరాలను మింగేసేది. ఇంగ్లీషుకు గుర్తయిన ‘ఈఎన్’ ఉన్నచోట తెలుగు గుర్తు ‘టీఈ’ అని మార్చగానే పేజీ మొత్తం మాట్లాడింది.

బొమ్మలో వంకర అక్షరాలు చూసి కొట్టమనే క్యాప్చా పోయింది, ఓటీపీ వచ్చింది, హాయి. సెషన్ గడువు, అంటే కాసేపు కదలిక లేకపోతే సైటు దానంతటదే లాగౌట్ చేసేయడం, మాత్రం రెండేళ్లు ఏడిపించింది. లాగౌట్ అయ్యే ముందు హెచ్చరిక పెట్టె తెర మీదికి వచ్చేదట, దాని సంగతి స్క్రీన్ రీడర్‌కు ఎవరూ చెప్పలేదు. సగం నింపిన ఫారం కాస్తా లాగిన్ పేజీ అయ్యేది. గడువు పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని అదే ప్రమాణం చెబుతుంది. మూడు ఫిర్యాదుల తర్వాత సరిచేశారు.

సరికానిది పీడీఎఫ్. కంప్యూటర్‌లో టైపు చేసిన సర్క్యులర్‌ను ప్రింటు తీసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి, స్కాన్ చేసి సైటులో పెడతారు. అంటే అక్షరాలను బొమ్మగా మార్చి మరీ ఇస్తారు. తెరిస్తే నిశ్శబ్దం. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్‌తో చదివిస్తే పట్టికలో వరుసలు కలగాపులగం. మొన్నొకసారి పక్క వరుసలోని తేదీని నా గడువనుకుని వారం ఆలస్యంగా దరఖాస్తు పెట్టాను. తిరస్కరించారు.

ఐదుకు నాలుగు మార్కులు వేద్దామనుకున్నాను, పోయిన నెల అప్‌డేట్ దాకా. ఫారమంతా నింపి చివర్లో ట్యాబ్ కొడుతుంటే ‘సమర్పించు’ తగలదు. బాణం కీలతో వెతికితే ఆ మాట ఉంది, బటన్ కాదు, ఉత్తి మాట. కొత్తగా చేసినవారు అందంగా ఒక పెట్టె గీసి, మౌస్ నొక్కితేనే పనిచేసేలా పెట్టారు. ‘మా ఆటోమేటిక్ పరీక్షలో నూటికి నూరు వచ్చింది’ అని జవాబు. వాదన పెట్టుకోలేదు. నిమిషం నిడివి ఆడియో రికార్డు చేసి పంపాను: నేను ట్యాబ్ కొడుతున్న చప్పుడు, చివరి గడి, ఆ వెంటనే పేజీ అడుగున ఉండే కాపీరైటు లింకు. నాలుగు రోజుల్లో బటన్ తిరిగొచ్చింది. మూడున్నర.