నాలుగేళ్ల వర్చువల్ ల్యాబ్ వాడకం: ఒక బల్బు గ్రాఫు నేర్పిన పాఠం

కాబోయే ఫిజిక్స్ టీచర్లకు శిక్షణ ఇస్తూ నాలుగేళ్లుగా వర్చువల్ ల్యాబ్ (కంప్యూటర్ తెర మీదే ప్రయోగాలు చేయించే సాఫ్ట్‌వేర్) వాడుతున్నాను. మొదటి ఏడాది ఎవరు అడిగినా కళ్లు మూసుకుని వాడమన్నాను. ఎలక్ట్రాన్లను సూచించే చుక్కలు బల్బుకు ముందూ వెనకా ఒకే వేగంతో కదలడం తెర మీద చూశాక, కరెంటు బల్బులో ఖర్చయిపోతుందనే అపోహను మా ట్రైనీలు ఒక్క పూటలో వదిలేశారు. బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా నావల్ల కాని పని అది.

రెండో ఏడాది ఓమ్ నియమం (వోల్టేజి పెరిగిన నిష్పత్తిలోనే కరెంటూ పెరుగుతుందనేది) చేయించాను. తెర మీద బల్బుకు వోల్టేజి పెంచుతూ పోతే వోల్టేజి-కరెంటు గ్రాఫు స్కేలు పెట్టి గీసినంత తిన్నగా వచ్చింది. వారం తర్వాత అసలు ల్యాబ్‌లో టార్చి బల్బు, రియోస్టాట్ (కరెంటును పెంచి తగ్గించే పరికరం), మీటర్లు ఇచ్చాను. రికార్డులు దిద్దుతుంటే అందరి గ్రాఫులూ సరళరేఖలే! అలా రావడానికి వీల్లేదు. ఫిలమెంట్ వేడెక్కే కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, పూర్తిగా వెలిగేసరికి చల్లగా ఉన్నప్పటికి దాదాపు పది రెట్లవుతుంది. గ్రాఫు వంగి తీరాలి. ఒకమ్మాయిని పిలిచి రఫ్ నోట్సు చూపించమన్నాను. అందులో రీడింగులు సరిగ్గానే ఉన్నాయి. "కనెక్షన్లలో ఏదో తప్పు జరిగిందనుకుని రికార్డులో అంకెలు సరిచేశాం మేడమ్" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రేపు పిల్లలకు ప్రయోగం నేర్పాల్సిన మనిషి, కళ్లెదుటి మీటరును కాదని తెరను నమ్మింది. తప్పు ఆమెది కాదు. మేం వాడిన వర్చువల్ ల్యాబ్‌లో బల్బు నిరోధం మారదని నేను ముందే చెప్పాల్సింది.

నేను మెచ్చుకున్న చుక్కలతోనూ చిక్కుంది. స్విచ్ వేయగానే ఎలక్ట్రాన్లు బ్యాటరీ నుంచి బల్బు దాకా పరుగెత్తుతాయని కొందరు అనుకుంటున్నారు. 1 చదరపు మి.మీ. రాగి తీగలో 1 ఆంపియర్ పారుతున్నా అవి సెకనుకు సగటున 0.1 మి.మీ. కూడా ముందుకు జరగవు.

ఇప్పుడు వరస మార్చాను. ముందు అసలు బల్బు, చేత్తో గీసిన గ్రాఫు, ఆ తర్వాతే తెర. రెండూ ఎందుకు కలవలేదో రికార్డులో రాయాలి. ఏడాది మొత్తంలో నాకు బాగా నచ్చే క్లాసు అదే.

మానేయమని మాత్రం చెప్పలేను. మా దగ్గర 40 మందికి ఆరే సెట్లు. మీటరు కాలిపోతుందేమోనన్న టెన్షన్ లేకుండా కనెక్షన్లు సాధన చేయడానికి మాకు తెర కావాలి. ఇద్దరికో సెట్టు ఉండుంటే ఇంత వాడేదాన్ని కాదేమో. ఇదంతా విద్యుత్తు ప్రయోగాల మాట. కాంతి ప్రయోగాలకు ఇంకా ఒక్క ఏడాదే వాడాను.