హెచ్.ఎస్.ఎస్. అని కొట్టి ఉందని గౌజులు కొనేయకండి

లేత్ (చెక్కను గిరగిరా తిప్పే యంత్రం) మీద చెక్కపని చేసేవాళ్లు, కొత్తగా మొదలుపెడదామనుకునేవాళ్లు ఇది చదివాకే గౌజులు, అంటే గాడి ఉన్న ఉలులు, ఆర్డర్ పెట్టండి.

మాది బొబ్బిలి. వీణలకు కోసిన పనస దుంగల్లో మిగిలిన ముక్కలు తెచ్చుకుని లేత్ మీద గిన్నెలు చేసుకోవడం నా సరదా. గత నెల ఆన్‌లైన్‌లో ఆరు గౌజుల సెట్టు కొన్నాను, 2,400 రూపాయలు. కంపెనీ పేరు ఎక్కడా లేదు. హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్, వేడెక్కినా మెత్తబడని ఉక్కు) అని మాత్రం ప్రతిదాని మీదా నీటుగా కొట్టి ఉంది. చవకని ఆశపడ్డాను, సగం తప్పు నాదే.

మొదటి గిన్నె సగమైనా కాలేదు, రిబ్బన్లలా రావాల్సిన పొట్టు పొడిగా రాలడం మొదలైంది. సాన పడితే అంచు నీలంగా తిరిగింది. నిజమైన హై స్పీడ్ స్టీల్‌కి నీలం తిరిగినా ఫర్వాలేదు, దాదాపు 600 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మామూలు కార్బన్ స్టీల్‌కి 300 డిగ్రీల దగ్గర నీలం వచ్చిందంటే టెంపర్ (గట్టిదనం) పోయినట్టే. నీలం తిరిగినచోట ఆకురాయి పెట్టి చూశాను. జారిపోవాల్సింది కాస్తా కసక్కున దిగింది.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "అయస్కాంతం పెట్టండి సార్, అంటుకుంటే ఒరిజినలే" అన్నాడు. రెండు రకాలూ అంటుకుంటాయి నాయనా!

నిప్పురవ్వలు చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. కళ్లద్దాలు పెట్టుకుని, గది కాస్త చీకటి చేసి, పాత ఆకురాయి ముక్కను గ్రైండర్‌కి ఆనించండి. అది కార్బన్ స్టీల్ కాబట్టి కాకరపువ్వొత్తిలా తెల్లగా, పచ్చగా చిట్లుతుంది. తర్వాత విరిగిపోయిన మంచి హెచ్.ఎస్.ఎస్. డ్రిల్ బిట్ పెట్టండి. మసక ఎరుపులో సన్నటి గీతలే వస్తాయి, పూలు దాదాపు ఉండవు. ఇప్పుడు మీ గౌజ్ పెట్టి పోల్చండి. నా ఆరింటిలో ఐదు దీపావళి చేశాయి. ఆరోది మాత్రం ఎలా వచ్చిందో గానీ అసలైనదే!

డబ్బు పోతే పోయింది, ప్రాణం మీదికే వచ్చింది. ఫొటో కింద 'బౌల్ గౌజ్' అని రాసిన వెడల్పాటిది నిజానికి రఫింగ్ గౌజ్. పొడవాటి కర్రల్ని గుండ్రం చేయడానికే అది పనికొస్తుంది. పిడిలోకి దిగే తోక పెన్సిలంత సన్నం. గిన్నె అంచు దగ్గర చెక్క ఒక్కసారి లాగేసింది, తోక పిడి దగ్గరే పుటుక్కున విరిగింది. ఇనుప ముక్క నా చెవి పక్కనుంచి వెళ్లి బీరువాకి కొట్టుకుంది. ఆ సొట్ట ఇంకా ఉంది, మా ఆవిడ రోజూ చూపిస్తోంది. బౌల్ గౌజ్ గుండ్రటి కడ్డీలో గాడి తీసి చేస్తారు, పిడిలోకి కూడా ఆ లావు కడ్డీయే వెళ్తుంది. ఫొటోలో తోక కనపడకపోతే అడిగి తెప్పించుకోండి.

కార్బన్ స్టీల్ చెడ్డదని కాదు. ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్రలాంటి మెత్తటి చెక్క మీద సన్నటి పదును ఇస్తుంది. పనసకి, చింతకి మాత్రం ఎం2 రకం హై స్పీడ్ స్టీల్ ఉండాలి. షెఫీల్డ్‌లో తయారయ్యే రాబర్ట్ సార్బీ, క్రౌన్ ఉలులు ఎక్కువగా అదే. 8 శాతం కోబాల్ట్ ఉండే ఎం42, వెనేడియం ఎక్కువుండే పౌడర్ స్టీల్ ఇంకా ఎక్కువసేపు నిలుస్తాయి గానీ మనలాంటివాళ్లకి ఆ ఖర్చు దండగ. ఆరు కొనే బదులు మంచిది ఒక్కటి కొనుక్కోండి.

రిటర్న్ గడువు దాటిపోయిందని నా డబ్బు ఇవ్వలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. పార్సిల్‌లో బిల్లు కూడా లేదు, నా దగ్గరున్నది పేమెంట్ స్క్రీన్‌షాట్ ఒక్కటే.