గాసియన్ రాండమ్ ఫీల్డ్‌లు: ఏళ్ల తరబడి వాడిన మీదట

కొద్ది చోట్ల తీసిన కొలతల నుంచి నేల గుణాలను, భూగర్భజల మట్టాలను ప్రాంతమంతటికీ అంచనా కట్టే పనిలో గాసియన్ రాండమ్ ఫీల్డ్‌లను (ప్రతి చోటి విలువనూ యాదృచ్ఛికంగా తీసుకుని, అవన్నీ కలిసి గాసియన్ పంపిణీని పాటిస్తాయని భావించే నమూనాలను) చాలా ఏళ్లుగా వాడుతున్నాను. ఈ పద్ధతి అంచనా విలువతో పాటు ఆ అంచనాను ఎంతవరకు నమ్మవచ్చో కూడా ప్రతి బిందువు దగ్గరా చెబుతుంది. తర్వాతి బోరు ఎక్కడ వేయాలో తేల్చుకోవడానికి నాకు అన్నిటికన్నా అక్కరకు వచ్చింది ఈ గుణమే.

అయితే ఆ లెక్క నిలిచేది మనం ఎంచుకున్న కోవేరియన్స్ ఫంక్షన్ మీద, అంటే రెండు చోట్ల విలువల మధ్య సంబంధం దూరంతో ఎలా మారుతుందో చెప్పే సూత్రం మీద. గాసియన్ కోవేరియన్స్ ఏ మాత్రం గరుకు లేని, అత్యంత నునుపైన మార్పును ఊహిస్తుంది. నేల అలా మారదు కనుక, దాన్ని వాడినప్పుడు అనిశ్చితి ఉండవలసినదానికన్నా తక్కువగా కనిపిస్తుంది, కొలతల మధ్య కోవేరియన్స్‌లను చూపే మాట్రిక్స్ విలోమం కూడా అస్థిరమవుతుంది. అందుకే నేను నునుపుదనాన్ని విడిగా ఒక పరామితిగా ఉంచే మాటెర్న్ కోవేరియన్స్‌నే ఎంచుకుంటాను. ఆ పరామితి 1/2 అయితే ఎక్స్‌పొనెన్షియల్ రూపం వస్తుంది, పెంచుకుంటూ పోతే గాసియన్ రూపానికి చేరుతుంది. ఒకే ప్రాంతంలో కొలతలను ఎంత దట్టంగా పెంచినా, మూడు డైమెన్షన్ల వరకు ఈ మాటెర్న్ కుటుంబంలో వేరియన్స్‌నూ (విలువలు ఎంతగా చెదురుతాయో), రేంజ్‌నూ (సంబంధం ఎంత దూరం నిలుస్తుందో) విడివిడిగా తేల్చలేమని 2004లో గణాంక శాస్త్రవేత్త హావో జాంగ్ నిరూపించారు. కాబట్టి నివేదికల్లో రేంజ్ విలువను భౌతిక సత్యంగా రాయడం నాకు సమ్మతం కాదు. అంచనాకు ప్రధానంగా కావలసినది ఆ రెండింటి కలయికే, దానిని మాత్రం డేటా బాగానే పట్టిస్తుంది.

నేల పొరల్లో సంబంధం నిలువుగా త్వరగా తెగిపోతుంది, అడ్డంగా చాలా దూరం సాగుతుంది. రెండు దిశలకూ ఒకే రేంజ్ ఇవ్వకూడదు.

గణన భారం నిజమైన ఇబ్బంది. 10,000 కొలతలుంటే కోవేరియన్స్ మాట్రిక్స్‌లో 10 కోట్ల విలువలుంటాయి, అంటే సుమారు 800 మెగాబైట్లు. కొలతలు రెట్టింపైతే పరిష్కార శ్రమ ఎనిమిది రెట్లవుతుంది. 2011లో గణాంక శాస్త్రవేత్తలు లిండ్‌గ్రెన్, రూ, లిండ్‌స్ట్రోమ్ చూపిన మార్గంలో ఫీల్డ్‌ను ఒక యాదృచ్ఛిక అవకలన సమీకరణానికి పరిష్కారంగా తీసుకుంటే, కోవేరియన్స్‌కు విలోమమైన మాట్రిక్స్‌లో అత్యధిక భాగం సున్నాలే మిగిలి, పని ఎంతో తేలికవుతుంది. కాకపోతే అంచుల దగ్గర వేరియన్స్ ఉబ్బుతుంది కాబట్టి మెష్‌ను (లెక్క కోసం ప్రాంతాన్ని చిన్న ముక్కలుగా విడదీసే వలను) ప్రాంతం వెలుపలికి కొంత పొడిగించక తప్పదు.

కలుషిత జలం ఎంత వేగంగా చేరుతుందన్న ప్రశ్నకు మాత్రం దీన్ని ఒంటరిగా వాడను. గాసియన్ ఫీల్డ్‌లో అత్యధిక విలువలు, అంటే ఇక్కడ నీటిని సులువుగా పారనిచ్చే చోట్లు, ఒకదానితో ఒకటి కలవకుండా విడి తునకలుగా చెదిరి ఉంటాయి. కానీ నిజమైన నేలలో పాత నదీ మార్గాల ఇసుక వరుసలు ఎడతెగకుండా సాగి నీటిని వేగంగా మోసుకుపోతాయి. అలాంటి చోట ముందు ఇసుక, బంకమట్టి హద్దులను వేరుగా నిర్మించి, ఫీల్డ్‌ను ఒక్కో పొర లోపలికే పరిమితం చేస్తాను.