ఎం1000ఈ ఛాసిస్‌లో ఎం6220 స్విచ్‌లు: ఏడేళ్లు వాడాక

మా ఇంజనీరింగ్ కాలేజీ సర్వర్ రూమ్‌లో డెల్ పవర్‌ఎడ్జ్ ఎం1000ఈ బ్లేడ్ ఛాసిస్ (బ్లేడ్లనే సన్నటి సర్వర్లను పక్కపక్కన పెట్టే పెట్టె) 2017లో పెట్టాం. కొత్తది కాదు. హైదరాబాద్‌లో పాత సర్వర్లు అమ్మే ఒకాయన దగ్గర తీసుకున్నాం. ముందువైపు పదకొండు ఎం610 బ్లేడ్లు, వెనక ఏ1, ఏ2 స్లాట్లలో బ్లేడ్లను నెట్‌వర్క్‌కి కలిపే రెండు పవర్‌కనెక్ట్ ఎం6220 స్విచ్‌లు. ల్యాబ్‌ల వర్చువల్ మెషీన్లు, ఆన్‌లైన్ ఇంటర్నల్ పరీక్షలు, లైబ్రరీ సాఫ్ట్‌వేర్, అన్నీ వీటి మీదుగానే నడిచాయి. ఛాసిస్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. దాని వెన్నులో కూర్చునే ఈ స్విచ్ గురించి తెలుగులో ఎవరూ రాసినట్టు నాకు కనిపించలేదు, అందుకే రాస్తున్నాను.

ముందే తేల్చి చెప్తాను. స్విచ్ గట్టిది. ఏడేళ్లలో రెండింట్లో ఒక్కటీ మొరాయించలేదు. కానీ మొదటి ఏడాదిన్నర మేం 'రెండు స్విచ్‌లున్నాయి, ఒకటి పోయినా ఇంకొకటి ఉంది' అన్న ధైర్యంతో ఉన్నాం. ఆ ధైర్యానికి ఆధారం లేదని ఒక పరీక్ష రోజున తెలిసింది. ఛాసిస్‌లో స్విచ్ పెట్టేవాళ్లు ఇంకేం మర్చిపోయినా పర్లేదు, ఆ ఒక్క సంగతి మాత్రం చదవండి. కింద వివరంగా ఉంది.

మొదట పెట్టడం గురించి. ఎం1000ఈ 10యూ (యూ అంటే ర్యాక్ ఎత్తు కొలత) ఎత్తుంటుంది, సగం ఎత్తు బ్లేడ్లు పదహారు పడతాయి. వెనక స్విచ్‌ల లాంటివి పెట్టే ఆరు ఐఓ స్లాట్లు ఏ1, బీ1, సీ1, సీ2, బీ2, ఏ2 అన్న వరసలో ఉంటాయి. అంటే ఏ1, ఏ2 పక్కపక్కన ఉండవు, రెండు చివర్లలో ఉంటాయి. మొదటిసారి చూసినవాళ్లు ఏ1 పక్కనున్న స్లాటే ఏ2 అనుకుని బీ1లోకి తోసేస్తారు. ఎం610 బ్లేడ్ మదర్‌బోర్డు మీద ఉన్న రెండు గిగాబిట్ పోర్టుల్లో ఒకటి ఏ1కి, ఇంకొకటి ఏ2కి మిడ్‌ప్లేన్ (ఛాసిస్ మధ్యలో బ్లేడ్లనీ స్విచ్‌లనీ కలిపే బోర్డు) గుండా నేరుగా వెళ్తాయి. మూడో స్లాట్ బ్లేడ్ రెండు స్విచ్‌ల్లోనూ మూడో నంబరు పోర్టే. ఈ లెక్క ఎంత సుఖమో వాడితే తెలుస్తుంది. ఏ బ్లేడ్ ఏ పోర్టులో ఉందో కేబుల్ పట్టుకుని వెతుక్కునే పనే ఉండదు.

పాత స్విచ్ కొన్నవాళ్లు బిగించే ముందు టార్చిలైటు వేసి రెండు చోట్ల చూడండి. ఒకటి స్విచ్ వెనక కనెక్టర్, రెండోది ఖాళీ స్లాట్ డమ్మీ మూత తీశాక కనిపించే మిడ్‌ప్లేన్ కనెక్టర్. స్విచ్ పిన్ను వంగితే స్విచ్ ఒక్కటే పోతుంది. మిడ్‌ప్లేన్ కనెక్టర్ దెబ్బతింటే ఛాసిస్ మొత్తం విప్పాలి. మేం ఒక్కో స్విచ్‌నీ లీవర్ పూర్తిగా తెరిచి, రెండు చేతులతో తిన్నగా తోశాం. చివర్లో కొంచెం బిగువు తగిలాక లీవర్ మూసేస్తే అదే లోపలికి లాక్కుంటుంది. లీవర్ మూసుకోకపోతే బలం పెట్టకండి, బయటికి తీసి మళ్లీ చూడండి.

కరెంటు విషయం రెండు మాటల్లో. పవర్ సప్లైలు ఆరు, ఒక్కోటి 2360 వాట్లు, 200 నుంచి 240 వోల్టుల మీద నడుస్తాయి. మామూలు ప్లగ్గులు పనికిరావు, 16 ఆంపియర్ల సాకెట్లు వేయించాలి. మూడు ఒక యూపీఎస్ మీద, మూడు ఇంకో యూపీఎస్ మీద పెట్టాం.

స్విచ్ లోపలికి వెళ్లగానే ఛాసిస్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్, అంటే సీఎంసీ, దాన్ని గుర్తుపట్టి ఫ్యాబ్రిక్ (బ్లేడ్ల వైపున్న నెట్‌వర్క్ రకం) సరిపోయిందో లేదో చూస్తుంది. సరిపోకపోతే కరెంటే ఇవ్వదు. ఇది మంచి జాగ్రత్త. ఇక కన్సోల్ (స్విచ్‌కి నేరుగా ఆదేశాలిచ్చే తెర) కోసం లాప్‌టాప్ పట్టుకుని ర్యాక్ వెనక వేడిలో నిలబడక్కర్లేదు. సీఎంసీలోకి ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతితో) వెళ్లి 'కనెక్ట్ స్విచ్-1' అని కొడితే ఏ1 కన్సోల్ వస్తుంది, స్విచ్-2 అంటే ఏ2. బయటికి రావాలంటే కంట్రోల్ కీతో పాటు బ్యాక్‌స్లాష్. ఈ ఒక్క సౌకర్యం కోసం నేను ఈ స్విచ్‌ని ఎన్నిసార్లు మెచ్చుకున్నానో. రాత్రి పదకొండింటికి ఇంట్లో కూర్చుని, స్విచ్ ఐపీ పోయినా సరే, కన్సోల్‌లోకి వెళ్లి సరిచేసిన సందర్భాలు నాలుగైదున్నాయి. స్విచ్ ముఖం మీద యూఎస్‌బీ ఆకారంలో ఉన్న పోర్టు కూడా సీరియల్ కన్సోలే. చూడ్డానికి యూఎస్‌బీలా ఉంది కదా అని పెన్‌డ్రైవ్ పెట్టకండి. మా ల్యాబ్ అసిస్టెంట్లకు తెలియాలని దాని మీద నేను ఎర్ర టేపు అంటించాను.

కాన్ఫిగరేషన్‌లో మొదట తగిలిన దెబ్బ వీలాన్ల (ఒకే స్విచ్‌లో విడదీసిన వేర్వేరు నెట్‌వర్క్‌ల) దగ్గర. సిస్కో స్విచ్‌ల అలవాటుతో బ్లేడ్ల పోర్టులన్నీ ట్రంక్ మోడ్‌లో (ఒకే పోర్టు మీద చాలా వీలాన్లు పంపే పద్ధతిలో) పెట్టాను. వర్చువల్ మెషీన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్ ఇన్‌స్టాల్ చేద్దామని బ్లేడ్‌ని నెట్‌వర్క్ బూట్‌కి పెడితే ఐపీ రాదు. ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌లో, వచ్చేపోయే డేటాని చూపే టీసీపీడంప్ పెట్టి అరగంట చూశాను, అక్కడికి ఒక్క అభ్యర్థన కూడా రావట్లేదు. సంగతేంటంటే, మా ఫర్మ్‌వేర్‌లో (స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్‌లో) ట్రంక్ మోడ్ అంటే ట్యాగ్ (ఏ వీలానో చెప్పే గుర్తు) ఉన్న ఫ్రేములకే, అంటే డేటా ముక్కలకే, దారి. ట్యాగ్ లేనిదాన్ని పారేస్తుంది. నెట్‌వర్క్ బూట్ అప్పుడు బ్లేడ్ మామూలుగా ట్యాగ్ వేయదు. రెండు రకాలూ కావాలంటే జనరల్ మోడ్ పెట్టాలి. పీవీఐడీగా (ట్యాగ్ లేకుండా వచ్చినదాన్ని చేర్చే వీలాన్‌గా) మేనేజ్‌మెంట్ వీలాన్ ఇచ్చి, అదే వీలాన్‌ని ట్యాగ్ లేకుండా అనుమతించి, మిగతావి ట్యాగ్‌తో చేర్చాలి. పీవీఐడీ ఒక్కటే ఇచ్చి అనుమతించడం మర్చిపోతే పని జరగదు. మొదటినుంచీ ఉండే వీలాన్ 1ని కూడా చేత్తో తీసేయాలి, అదంతట అది పోదు. అప్‌లింక్‌లు (స్విచ్ నుంచి బయటికి వెళ్లే లింకులు) మాత్రం ట్రంక్ మోడ్‌లోనే ఉంచి, ఛాసిస్ బయటున్న ర్యాక్ స్విచ్ వైపు కూడా అన్నిటికీ ట్యాగ్ పెట్టాను. ఆ తర్వాత ఏడేళ్లలో వీలాన్ల జోలికి పెద్దగా వెళ్లాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి.

ఎం6220లో లోపల బ్లేడ్లవైపు పదహారు పోర్టులు, బయటికి నాలుగు రాగి పోర్టులు ఉంటాయి. ఏ1 నాలుగు పోర్టుల్నీ ఎల్‌ఏసీపీతో (పోర్టుల్ని కలిపి ఒకే దారిగా చేసే పద్ధతితో) ఒక పోర్ట్ ఛానెల్‌గా కట్టి ఒక ర్యాక్ స్విచ్‌కి, ఏ2వి ఇంకో ర్యాక్ స్విచ్‌కి ఇచ్చాం. బ్లేడ్లలో లినక్స్ బాండింగ్ (రెండు పోర్టుల్ని ఒకటిగా వాడడం), యాక్టివ్ బ్యాకప్ పద్ధతి, అంటే ఒక పోర్టు పోతేనే ఇంకొకటి పనిలోకి వస్తుంది. బేసి స్లాట్ల బ్లేడ్లకు ఏ1 ముఖ్యం, సరి స్లాట్లకు ఏ2 ముఖ్యం. కాగితం మీద చూస్తే ఎక్కడా లోటు లేదు.

2019 మార్చిలో ఇంటర్నల్ పరీక్షలు జరుగుతుండగా ల్యాబ్ అసిస్టెంట్ పరిగెత్తుకొచ్చాడు. "సార్, మూడో ల్యాబ్‌లో పేపర్ తెరుచుకోవట్లేదు. నాలుగో ల్యాబ్‌లో మాత్రం బాగానే ఉంది." ఏసీ సర్వీసింగ్‌కి వచ్చినతను ర్యాక్ వెనక ఒక ప్లగ్గు కదిలించాడు, ఏ1 వెళ్లే ర్యాక్ స్విచ్ ఆగిపోయింది. అలాంటప్పుడు బేసి బ్లేడ్లు ఏ2 వైపు మళ్లాలి కదా? మళ్లలేదు. ఆరు బ్లేడ్లు లోకంతో తెగిపోయి కూర్చున్నాయి. ఒక బ్లేడ్ కన్సోల్‌లోకి వెళ్లి బాండింగ్ స్థితి తెరిస్తే రెండు పోర్టులకీ 'ఎంఐఐ స్టేటస్: అప్', అంటే లింకు బాగుందని ఉంది. గేట్‌వేకి (బయటి నెట్‌వర్క్‌కి దారి చూపే పరికరానికి) పింగ్ కొడితే ఒక్క జవాబు లేదు. ఆ తెర ముందు నేను పది నిమిషాలు ఏమీ అర్థం కాక నిలబడ్డాను. ప్లగ్గు సంగతి కనిపెట్టేసరికి నలభై నిమిషాలు. ఆ పేపర్ మర్నాడు మళ్లీ పెట్టాల్సి వచ్చింది. పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పిల్లల్ని తిప్పి పంపడం నాకిప్పటికీ బాధే.

తప్పు బాండింగ్‌ది కాదు, స్విచ్‌ది కాదు. నేను ఆలోచించని చోట ఉంది. మామూలు ర్యాక్ సర్వర్‌లో కేబుల్ ఊడితే సర్వర్‌కి తెలుస్తుంది. ఛాసిస్‌లో బ్లేడ్‌కీ స్విచ్‌కీ మధ్య ఉన్నది మిడ్‌ప్లేన్ తీగ. స్విచ్‌కి కరెంటున్నంత సేపు ఆ లింకు పచ్చగానే ఉంటుంది. స్విచ్ అవతల అప్‌లింక్ పోయిందన్న కబురు బ్లేడ్‌కి చేరదు. ఇంటి గుమ్మం ముందు రోడ్డు బాగానే ఉంది, ఊరి పొలిమేరలో వంతెన తెగింది, ఇంట్లో ఉన్నవాడికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

చెప్పే ఏర్పాటు ఎం6220లో ఉంది. దాని పేరు లింక్ డిపెండెన్సీ. ఒక గ్రూపు తయారుచేసి అందులో లోపలి పోర్టులన్నీ చేర్చి, ఇవి ఫలానా పోర్ట్ ఛానెల్ మీద ఆధారపడ్డాయని రాస్తే చాలు. ఆ ఛానెల్ పూర్తిగా పడిపోగానే స్విచ్ లోపలి పోర్టుల్ని తానే దించేస్తుంది. బ్లేడ్‌కి లింకు పోయినట్టు కనిపిస్తుంది, బాండింగ్ రెండో వైపు మళ్లుతుంది. నాలుగు కేబుళ్లలో ఒకటి రెండు ఊడితే ఏమీ చేయదు, అదే సరైనది. మొత్తం నాలుగైదు లైన్ల పని. ఈ నాలుగైదు లైన్లు 2017లోనే రాసి ఉంటే ఆ పరీక్ష ఆగేది కాదు.

రాశాక ఆదివారం అందర్నీ ఆపి పరీక్షించాం. ఏ1 కేబుళ్లు ఒక్కొక్కటే తీశాం. మూడు తీసినా ఏమీ కాలేదు. నాలుగోది తీయగానే ఒక పింగ్ పోయింది, రెండోదానికి జవాబొచ్చింది. ల్యాబ్ అసిస్టెంట్, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కానీ కేబుళ్లు మళ్లీ పెట్టినప్పుడు ఇంకో సమస్య బయటపడింది. లింకు రాగానే బాండింగ్ తన ముఖ్యమైన పోర్టుకి వెంటనే తిరిగొచ్చేసింది, అక్కడ మాత్రం ముప్పై సెకన్లపాటు ఏమీ కదల్లేదు. కారణం స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో వలయాలు రాకుండా కాపాడే ఏర్పాటు). లోపలి పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ (ఎదురుచూపు లేకుండా పోర్టుని తెరిచే అమరిక) పెట్టలేదు కనుక లింకొచ్చినా పదిహేను, పదిహేను సెకన్లు విని, నేర్చుకుని, అప్పుడు గానీ ఫ్రేముల్ని వదలదు. అంటే తెగినప్పుడు ఒక్క సెకను నష్టం, బాగుపడినప్పుడు అర నిమిషం నష్టం!

లోపలి పోర్టులన్నిటికీ పోర్ట్‌ఫాస్ట్ పెట్టాను. అప్‌లింక్‌లకు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. బ్లేడ్లలో బాండింగ్‌కి అప్‌డిలే 40000 ఇచ్చాను, అంటే తిరిగొచ్చిన లింకుని నలభై సెకన్లు నమ్మొద్దని. అప్పుడే లేచిన ర్యాక్ స్విచ్ సర్దుకునేదాకా ఇది కాస్తుంది. రెండు లింకులూ పోయి ఉన్నప్పుడు బాండింగ్ ఈ గడువుని పట్టించుకోదు, మొదట లేచినదాన్ని వెంటనే తీసుకుంటుంది, కాబట్టి ఆ భయం అక్కర్లేదు. బాండింగ్‌లోనే ఏఆర్‌పీతో (చిరునామా అడిగే సందేశాలతో) గేట్‌వేని అడుగుతూ ఉండే పద్ధతి కూడా ఉంది. ప్రతి బ్లేడ్‌లో విడివిడిగా పెట్టడం కంటే స్విచ్‌లో ఒక్కచోట పెట్టడమే నాకు నచ్చింది. వర్చువల్ మెషీన్లకు వీఎంవేర్ వాడేవాళ్లు బీకన్ ప్రోబింగ్ (పోర్టుల మధ్య పరీక్ష సందేశాలు పంపి చూడడం) మీద ఆధారపడదామనుకుంటే, రెండు పోర్టులతో అది ఏది పోయిందో తేల్చుకోలేదు, కనీసం మూడు కావాలి. కనుక వాళ్లకూ లింక్ డిపెండెన్సీయే దారి.

రెండు స్విచ్‌లనీ స్టాక్ చేసి ఒకటిగా చేస్తే పోదా అని చాలామంది అడిగారు. స్టాకింగ్ మాడ్యూల్ దొరుకుతుంది, బ్లేడ్ నుంచి రెండు పోర్టుల మీదా ఎల్‌ఏసీపీ కట్టొచ్చు, వేగం కూడా కలిసొస్తుంది. నేను వద్దనుకున్నాను. స్టాక్ చేశాక ఫర్మ్‌వేర్ మార్చిన రోజు రెండూ కలిసి రీబూట్ అవుతాయి. విడిగా ఉంచితే ఈ శనివారం ఏ2, వచ్చే శనివారం ఏ1 మార్చుకోవచ్చు. స్విచ్‌లో రెండు ఫర్మ్‌వేర్ ఇమేజీలకు చోటుంటుంది. కొత్తది పక్కన పెట్టి, దాంతో బూట్ చేసి, నచ్చకపోతే పాతదానికి తిరిగెళ్లొచ్చు. ఒక్క మాట: కాన్ఫిగ్ మార్చాక స్టార్టప్ కాన్ఫిగ్‌లోకి (రీబూట్ అయినా నిలిచేదానిలోకి) కాపీ చేయడం మరిచిపోతే వేసవి కరెంటు కోతలో యూపీఎస్ చేతులెత్తేసిన రోజున అంతా పోతుంది.

2020లో రెండింటికీ రెండేసి 10 గిగాబిట్ ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టులున్న మాడ్యూళ్లు వేశాం. బ్యాకప్ సమయం తగ్గింది. పరీక్షలకు పాత నాలుగు గిగాబిట్లే సరిపోయేవి. లింక్ డిపెండెన్సీ గ్రూపుని కొత్త పోర్ట్ ఛానెల్‌కి మార్చడం ఆ పనిలో భాగమే, దాన్ని మరిచిపోతే గ్రూపు ఖాళీ ఛానెల్ మీద ఆధారపడి లోపలి పోర్టులన్నీ పడిపోతాయి.

ఇప్పుడు కొనొచ్చా? ఎం1000ఈ 2008లో వచ్చిన ఛాసిస్, దాని తర్వాతి ఎంఎక్స్7000 2018లోనే వచ్చింది. చాలా తక్కువ ధరకు దొరికితే, చేతిలో ఛాసిస్ ముందే ఉంటే, కాలేజీ ల్యాబ్‌కి ఎం6220 నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు. మేనేజ్‌మెంట్‌ని మాత్రం విడి వీలాన్‌లో ఉంచి బయటి ప్రపంచానికి కనిపించకుండా చూడండి, ఈ వయసు ఫర్మ్‌వేర్‌ని ఇంటర్నెట్ ముందు పెట్టకూడదు. కొత్తగా ఛాసిస్ కూడా కొనాలంటే నేనైతే కొనను. కరెంటు బిల్లు, ఫ్యాన్ల హోరు, ఏసీ ఖర్చు కలిపితే నాలుగు మామూలు ర్యాక్ సర్వర్లు మేలు.

మాది ఇంకా నడుస్తోంది. ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం ల్యాబ్‌లు మూశాక ఏ1 కేబుళ్లు తీసి పింగ్ చూస్తాం, పెట్టి చూస్తాం, తర్వాత ఏ2. పావుగంట పని. పోయిన నెల ఒక పింగే పోయింది.