తలల లెక్కా, నేల లెక్కా: తలకోనకు ఏది మేలు?

వానలు పడిన తరువాత ఆదివారం తలకోన గేటు దగ్గర బారులు తీరిన కార్లను చూస్తే ఎవరైనా అనే మాట ఒకటే: "రోజుకు ఇంతమందే అని కట్టడి పెట్టాలి." ఇది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులోని చోటు. తిరుపతి వాళ్లం చాలమన్నట్టు చెన్నై, బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు కూడా ఆ 270 అడుగుల జలపాతం కిందే తడవాలి.

తలలు లెక్కపెట్టే పద్ధతి పశువుల మేత నుంచి వచ్చింది. ఒక బీడు ఎన్ని పశువులను మేపగలదో తేల్చినట్టే, అడవి ఎంతమందిని మోయగలదో తేల్చాలన్నది దాని తర్కం. అమలు చేయడం తేలిక. టికెట్లు అయిపోగానే గేటు మూసేయవచ్చు.

కానీ నష్టం తలలను బట్టి జరగదు. చప్పుడు చేయకుండా నడిచి వెళ్లే వందమంది కన్నా, గుండం గట్టున పొయ్యి వెలిగించి పాటలు మోగించే ఒక్క గుంపే అడవిని ఎక్కువ పాడుచేస్తుంది. బండల సందుల్లో బతికే బంగారు బల్లికి మన టికెట్ల సంఖ్యతో పనేముంది?

రెండో పద్ధతిని, అంటే నేల లెక్కను, 1985లో అమెరికా అటవీ శాఖ పరిశోధకులు రూపొందించారు. "ఎంతమంది రావచ్చు?" అని కాక, "ఎంత మార్పును ఒప్పుకోవచ్చు?" అని అది అడుగుతుంది. మోంటానాలోని బాబ్ మార్షల్ అడవిలో దాన్ని అమలు చేశారు. గుడారాలు వేసిన చోట ఎంత నేల బోడిగా మారింది, దారిలో ఎన్ని గుంపులు ఎదురయ్యాయి వంటివి కొలుస్తారు. ప్రతి కొలతకూ ఒక హద్దు ఉంటుంది. అది దాటితే ఏం చేయాలో ముందే రాసుకుంటారు.

నా ఓటు దీనికే. జలపాతానికి వెళ్లే దారిలో ఒక చెట్టు వేరు ఉంది. మొదట చూసినప్పుడు జానెడు మాత్రమే బయటపడి ఉండేది. ఇప్పుడు మూరెడు కనిపిస్తోంది. చెప్పుల రాపిడికి బెరడు ఊడి, పైభాగం నున్నబడింది. దాన్ని తప్పించుకుంటూ నడిచేవాళ్లు పక్కనే ఇంకో దారి తొక్కేశారు. గేటు దగ్గరి పుస్తకంలో ఈ సంగతి ఎక్కడా ఎక్కదు.

కష్టమూ ఉంది. ఏటా అదే చోట, అదే నెలలో ఎవరో ఒకరు టేపు పట్టుకుని కొలవాలి. ఒక్క ఏడాది మానేసినా పోలిక తెగిపోతుంది. ఈ పనికి తలకోన దగ్గరి ఊరైన నెరబైలు యువకుల కన్నా తగినవాళ్లు లేరు, కూలి ఇచ్చి చేయించాలి. హద్దు దాటిన చోట, సెలవు రోజుల వరకు, తలల లెక్కను అప్పుడు వాడుకోవచ్చు. ముందు ఆ వేరు దగ్గర తొలి కొలత రాయాలి, వచ్చే వానలకు ముందే.